కత్తెరకి సున్నా

మా ఊరి స్కూలు వరండాలో, సర్పంచి ఓట్లు లెక్కపెట్టిన సాయంత్రం, ఊరందరి ముందూ నన్నొక ప్రశ్న అడిగారు. దానికి నేను చెప్పిన జవాబు అబద్ధం. సరిదిద్దుకునే వీలు ఆ తర్వాత చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నోరు మూసుకున్నాను. ఆ అబద్ధాన్ని నా బదులు ఒక గుడ్డివాడు మోశాడు. మోస్తూనే పోయాడు.

ఆయన పోయిన సంగతి నాకు అనకాపల్లి చేపల మార్కెట్లో తెలిసింది. ఊరొదిలి వచ్చాక నేనిక్కడే ఐసు దుకాణం పెట్టుకున్నాను. మా ఊరి నూకరత్నం ఈ మార్కెట్లోనే తట్ట పెట్టుకుని కూర్చుంటుంది. ఆవిడకి రోజూ ఐసు వేస్తాను. మా మధ్య ఐసు తప్ప వేరే మాట ఉండదు. ఆ రోజు మాత్రం ఆవిడే పలకరించింది.

"మీ మావ పోయేడంట. తెలిసిందేటి?" అంది, చేప పొలుసు గీకడం ఆపకుండానే.

"ఏ మామ?"

"ఎంతమందున్నారేటి నీకు? తాడు కాడ కేకేసేవోడు. అబద్దాల గుడ్డోడు."

ఐసు దిమ్మ చేతిలోంచి జారి కాలి పక్కన పడింది. ఆవిడ నా వైపు చూడలేదు. చేపని తిరగేసి రెండోవైపు గీకింది.

"మడిసి మంచోడే పాపం," అంది. "నాకోటేసేనని ఊరంతా సెప్పుకు తిరిగేడు. ఎందుకు సెప్పేడో మరి. ఆడదానికి ఒడ్డు వార్డులో ఒక్క ఓటూ రాలేదని జాలేసిందేమో. జాలి పడితే అన్నం పెట్టాలి గానీ అబద్దం సెప్పాలేటి?"

నేను ఐసు పగలగొడుతూ "ఆ" అన్నాను. ఆ ఒక్క అక్షరంతో ఆయన్ని ఇంకోసారి అబద్ధాలవాణ్ణి చేశాను, అదీ చచ్చిపోయాక. ఆ రోజు దుకాణం తొందరగా కట్టేశాను.

ఆయన నాకు వరసకి మామ. మా ఊరు అచ్యుతాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది. కంపెనీ బస్సులు తిరిగే రోడ్డు దిగి, ఇసకలో కొంత నడవాలి. అక్కడ వరస కలవని మగాడు ఉండడు. బావ కాకపోతే మామ. అయినా ఊళ్ళో ఎవరూ ఆయన్ని వరసపెట్టి పిలిచేవారు కాదు. 'గుడ్డోడు' అనేవారు. ఎదురుగానే అనేవారు. ఆయన పలికేవాడు.

ఒక్క ఓట్ల రోజున మాత్రం అలా కాదు. పోలింగ్ ఆఫీసరు జాబితా చూసి ఇంటిపేరుతో సహా ఆయన పేరు గట్టిగా చదువుతాడు. ఆ చదివే క్షణం కోసం ఆయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, గెడ్డం గీయించుకుని, గుర్తింపు కార్డు ప్లాస్టిక్ కవర్లో మెళ్ళో వేలాడేసుకుని, అందరికన్నా ముందొచ్చి నిలబడేవాడు. పేరు వినగానే బడిపిల్లాడిలా "ఉన్నానండీ!" అనేవాడు. బయటికొచ్చాక వేలు అందరికీ చూపించేవాడు.

"సిరా ఆరిందేటి, సూడు."

"ఆరింది మావా."

"నల్లగా ఉందా?"

"నల్లగానే ఉంది."

"ఎలచ్చన్లొస్తేనే నాకో పేరుందని తెలుత్తాది అల్లుడా. మిగతా రోజులు నాకూ గురుతుండదు," అని నవ్వేవాడు.

ఆ పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. పోలింగ్ ఆఫీసర్లు మర్యాదగా పిలిచిన పేరది. దాన్ని పలికే యోగ్యత నాకు పోయింది.

ఆయన పని అలివి వల దగ్గర. మా ఒడ్డున ఇప్పటికీ ఆ వల వేస్తారు. తాడు ఒక కొస ఒడ్డునే ఉంచి, పడవ మీద వలని సముద్రంలోకి చుట్టు తిప్పి రెండో కొస ఒడ్డుకి తెస్తారు. ఆ రెండు తాళ్ళనీ రెండు జట్లు లాగాలి. అందరూ ఒకేసారి లాగకపోతే వల ఒక పక్కకి ఒరిగిపోతుంది, చేప తప్పించుకుంటుంది. ఒకేసారి లాగించేది కేక. ఆ కేక మామది. తాడు కొసన నిలబడి, ఒక చెయ్యి తాడు మీద వేసి, ఆయన ఒక మాట అనేవాడు. జట్టంతా "హైలేసా" అనేది. ఆ "హైలేసా" మీద అందరి బరువూ ఒక్కసారి పడేది.

మాటలు ఆయన అప్పటికప్పుడు కట్టేవాడు. ఊళ్ళో ఎవరి గుట్టూ దాగేది కాదు.

"అప్పలరాజు..." అనేవాడు.

"హైలేసా!"

"కాలేజికెల్లేడు..."

"హైలేసా!"

"ఏటి నేర్సేడు..."

"హైలేసా!"

"సిగరెట్టు నేర్సేడు..."

అప్పలరాజు అంటే నేనే. మా నాన్న అదే తాడు పట్టుకుని ఉన్నాడు ఆ రోజు. తాడు వదిలి నా వెంట పడ్డాడు. మామ ఆగలేదు. "తండ్రి పరిగెత్తె... హైలేసా... కొడుకు పరిగెత్తె... హైలేసా..." అని ఆ పరుగుతోనే ఇంకో పది మూరల తాడు లాగించాడు.

ఆయన నడిచేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకునేవాడు కాదు. మోచేతి దగ్గర చొక్కా పట్టుకునేవాడు, రెండు వేళ్ళతో. "సెయ్యి పట్టుకుంటే నువ్వు నన్ను నడిపిత్తావు. సొక్కా పట్టుకుంటే నాను నీతో నడుత్తాను," అనేవాడు. ఓట్ల రోజున ఆ చొక్కా నాది. కళ్ళు లేనివాళ్ళు తమకి నమ్మకమైన మనిషిని తోడు తెచ్చుకోవచ్చు. ఆ మనిషి వాళ్ళతో పాటు ఓటేసే బల్ల దగ్గరి అట్ట చాటుకి వెళ్ళి, వాళ్ళు చెప్పిన గుర్తు మీద ముద్ర వేస్తాడు. నాకు ఓటు వచ్చినప్పటి నుంచీ ఆయన తోడు నేనే.

గత పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచి సీటు ఆడవాళ్ళకి రిజర్వు అయింది. దాని మీద గంగమ్మ గుడి ముందు మీటింగు పెట్టారు. మా ఊరికి ఒక పెద్దాయన ఉన్నాడు. సముద్రం మీద తగువైనా, ఇంట్లో తగువైనా ఆయన చెప్పిందే తీర్పు. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. పెంచాల్సిన అవసరం ఆయనకి రాలేదు. ఆయన మాట కాదన్నవాళ్ళని ఊరు వెలివేస్తుంది. వెలి అంటే మిగతావాళ్ళకి ఎలా అర్థమవుతుందో నాకు తెలియదు. మా దగ్గర దానికి ఒకటే అర్థం: పడవని కెరటాల్లోకి నెట్టడానికి ఊరి చేతులు కావాలి. ఆ చేతులు రావు. పడవ ఇసక మీదే ఎండిపోతుంది. ఒకసారి చిన్నప్పుడు అలా ఎండిన పడవని చూశాను. దాని చెక్కలు విడిపోతున్న చప్పుడు మధ్యాహ్నం ఎండలో వినబడేది. ఆ ఇంటివాళ్ళు దాని పక్కనే కూర్చుని అన్నం తినేవారు.

ఆ మీటింగులో పెద్దాయన తన కోడలి పేరు చెప్పాడు. అందరూ తలలూపారు. అప్పుడు వెనక నుంచి మామ గొంతు వినబడింది.

"ఆడోల్ల సీటంటన్నారు. ఇందాకట్నించి ఇంటన్నాను. ఆడమడిసి గొంతొక్కటీ ఇనబల్లేదేటి బాబూ?"

నవ్వులు లేచాయి. పెద్దాయన కూడా నవ్వాడు.

"నా కోడలు ఇంట్లో ఉందిరా. వంట సేత్తంది."

"అయితే సరే బాబూ. వంటయ్యేక అడుగుదారి, సర్పంచవడం దానికిట్టవో కాదో."

ఇంకా నవ్వారు. పెద్దాయన మటుకు ఆపేశాడు.

అనుకోనిది ఆ మర్నాడు జరిగింది. రోడ్డు పక్క వార్డులో ఉండే నూకరత్నం పోటీకి దిగింది. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మే మనిషి ఆవిడ. చేపలు ఎండబెట్టుకునే చోటు ఆడవాళ్ళకి ఉండాలని చాలాకాలంగా అడుగుతోంది. ఆవిడకి కత్తెర గుర్తు వచ్చింది. పెద్దాయన కోడలిది ఉంగరం.

"కత్తెరంటరోయ్. వలలు దాసుకోండి!" అని కుర్రాళ్ళు ఎగతాళి చేశారు.

పెద్దాయన ఎగతాళి చెయ్యలేదు. మళ్ళీ మీటింగు పెట్టాడు. పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. ఇంటికొక మగాడు వచ్చి దాని మీద అరచెయ్యి చాచి, తన ఇంటి ఓట్లన్నీ ఉంగరానికే అని ఒట్టు వెయ్యాలి.

"పైనోల్లు జెట్టీ కట్టిత్తామంటన్నారు," అన్నాడు పెద్దాయన. "ఊరంతా నా మాట మీద ఉందని సూపిత్తేనే కడతారు. గెలుపు కాదు నాక్కావలిసింది. మన ఒడ్డు వార్డులో కత్తెరకి సున్నా రావాల. ఒక్కటొచ్చినా, అదెవరిదో నాను కనుక్కుంటాను."

నేను వెళ్ళి ఒట్టు వేశాను. అరచెయ్యి కాలింది. మా అన్నయ్యదీ నాదీ కలిపి ఒకటే పడవ. మామ వంతు వచ్చింది.

"నాకు దీపం అగపడదు బాబూ. అగపడనిదాని మీద ఒట్టేత్తే అది ఒట్టవుద్దా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన మామని వదిలేసి నన్ను చూశాడు.

"పోన్లే. ఆడి ఓటు నువ్వే కదా ఏత్తావు, అప్పలరాజూ. నీ ఒట్టే ఆడికీ సరిపోద్ది."

రహస్య ఓటు అంటారు. నేను ఇంటర్‌లో సివిక్స్ చదువుకున్నాను, పరీక్షలో దాని గురించి రాశాను కూడా. కానీ వార్డంతా ఒట్టు వేసేసిన చోట రహస్యం ఎక్కడుంటుంది? కత్తెరకి ఒక్క ఓటు పడితే అది ఎవరిదో చీకట్లో కూడా తెలిసిపోతుంది. ఒట్టు వెయ్యనివాడు ఒక్కడే. వాడి ముద్ర వేసే చెయ్యి కూడా ఒక్కటే. అది నాది.

పోలింగ్ రోజు పొద్దున్నే మామ తెల్ల చొక్కాతో మా గుమ్మంలో ఉన్నాడు. దారిలో చొక్కా వదిలి నా చెయ్యి పట్టుకుని చూశాడు.

"సల్లగుందేటి అల్లుడా, సెయ్యి?"

"మంచు పడుతోంది కదా మావా."

"ఊఁ," అన్నాడు. మళ్ళీ చొక్కా పట్టుకున్నాడు.

స్కూలు గదిలో ఆఫీసరు పేరు చదివాడు. మామ "ఉన్నానండీ!" అన్నాడు. బల్ల వెనక పెద్దాయన తమ్ముడి కొడుకు ఏజెంటుగా కూర్చున్నాడు. వాడు జాబితా వైపు చూడటం లేదు, నా మొహం వైపే చూస్తున్నాడు. నన్ను చూసి చిన్నగా తలూపాడు. బెదిరించలేదు. ఒక్క మాట కూడా అనలేదు.

అట్ట చాటుకి వెళ్ళాం. మామ నా చెవి దగ్గరకి వంగాడు. చుట్ట వాసన.

"కత్తెర."

అంతే. ఇంకేం చెప్పలేదు. ఎందుకో చెప్పలేదు, భయపడకనీ చెప్పలేదు. ఎప్పటిలాగే నా చెయ్యి ఆయన మాట వింటుందని అనుకున్నాడు. కాగితం మీద కత్తెర కింద ఉంది, ఉంగరం పైన ఉంది. ముద్ర చేతిలో పట్టుకుని నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బయట ఎవరో దగ్గారు. నాకు ఇసక మీద ఎండుతున్న పడవ చప్పుడు వినబడింది. ముద్ర ఉంగరం మీద వేశాను.

"మీద పడిందా? పక్కకి జారితే సెల్లదంట."

"మీదే పడింది మావా."

మడిచిన కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. డబ్బా వేలితో తడిమి, సందు ఎక్కడుందో చూసుకుని, తన చేత్తోనే వేశాడు. అది ఎప్పుడూ నన్ను వెయ్యనిచ్చేవాడు కాదు. బయటికొచ్చి వేలు చూపించాడు.

"ఆరిందేటి, సూడు."

ఆ మధ్యాహ్నమే లెక్కింపు. వార్డు తర్వాత వార్డు చదువుతున్నారు. రోడ్డు వార్డుల్లో నూకరత్నానికి కొన్ని ఓట్లు పడ్డాయి. సాయంత్రానికి మా వార్డు వచ్చింది. ఆఫీసరు గుమ్మంలోకి వచ్చి "కత్తెర, సున్నా" అన్నాడు. కుర్రాళ్ళు టపాసులు కాల్చారు. పెద్దాయన కుర్చీలోంచి కదల్లేదు, కండువా సర్దుకున్నాడంతే.

వరండా స్తంభానికి ఆనుకుని కూర్చున్న మామ లేచి నిలబడ్డాడు.

"సున్నా ఏటి బాబూ? నాదుండాల. మల్లీ సూడండి."

టపాసుల చప్పుడులో ముందు ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాడు. ఈసారి తాడు దగ్గర వేసే గొంతుతో అన్నాడు. వరండా అంతా ఆగిపోయింది. ఆయన ఏం ఒప్పుకున్నాడో ఆయనకి తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. తెలుసనే అనుకుంటాను.

ఆఫీసరు మంచివాడు. లోపలికి వెళ్ళి మళ్ళీ చూసి వచ్చాడు. "లేదు తాతా. లెక్క సరిగ్గానే ఉంది."

"నాను కత్తెరకేసేను బాబూ. ఒకటుండాల."

అప్పుడు పెద్దాయన నా వైపు తిరిగాడు. మెల్లగా అడిగాడు, ఇంట్లో పిల్లవాణ్ణి అడిగినట్టు.

"అప్పలరాజూ. నువ్వే కదా తీసుకెల్లేవు. గుడ్డోడు నీకేటి సెప్పేడు?"

ఊరంతా నన్ను చూస్తోంది. చూడలేనివాడు ఒక్కడే, ఆయన కూడా మొహం నా వైపు తిప్పాడు. నిజం చెబితే రెండు తప్పులు. మామది ఎలాగూ బయటపడింది. నాది కూడా బయటపడుతుంది. ఆయన నమ్మకాన్ని నేను అమ్ముకున్నానని ఊరికి తెలుస్తుంది. పైగా "వాడు కత్తెర అంటే నాకెందుకు చెప్పలేదురా?" అని పెద్దాయన అడుగుతాడు. అన్నయ్య గుంపులో ఉన్నాడు. ఆయన కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి.

"ఉంగరం అన్నాడు," అన్నాను. "ఉంగరానికే వెయ్యమన్నాడు. వేశాను."

ఎవరో పకపకా నవ్వారు. "ఉంగరానికేసి కత్తెరంటాడేటి! గుడ్డోడికి మతి కూడా పోయింది!" వరండా అంతా నవ్వు.

మామ నన్ను అబద్ధాలకోరు అనలేదు. ఒక్కసారి "అలాగా" అన్నాడు. మొహం నా గొంతు వచ్చిన వైపే ఉంచి, కొంతసేపు అలాగే నిలబడ్డాడు. నేను జీవితంలో అంత భయపడింది ఎప్పుడూ లేదు. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని చూశాను. ఆయన స్తంభం తడుముకుని కూర్చున్నాడు.

పెద్దలు ఆయనకి తేలిక దారే చూపించారు. "అబద్ధమాడేనని ఒక్క మాట అను, వదిలేత్తాం" అన్నారు. ఆయన "నాను కత్తెరే అన్నాను" అన్నాడు. "మరి అప్పలరాజు అబద్ధమాడేడా?" అని అడిగారు. దానికి ఆయన మాట్లాడలేదు. ఎన్నిసార్లు అడిగినా అంతే. తను అన్నది వదల్లేదు, నన్ను పట్టివ్వనూ లేదు. ఊరిని అవమానించడానికి కట్టుకథ చెప్పాడని తేల్చి, ఆయన్ని వెలివేశారు.

మర్నాడు అలివి వల వేశారు. నేనూ తాడు పట్టుకున్నాను. మామ ఎప్పటి చోటికి వచ్చి, తాడు మీద చెయ్యి వేసి, కేక వేశాడు.

"గంగమ్మ తల్లో..."

జవాబు లేదు.

కెరటం వచ్చి వెనక్కి పోయింది. ఆయన తల కొంచెం పక్కకి వంచాడు, వినబడలేదేమో అన్నట్టు. మళ్ళీ వేశాడు.

"గంగమ్మ తల్లో..."

తాడు పట్టుకుని మేం ఇంతమందిమి ఉన్నాం. ఒకరి ఊపిరి ఒకరికి వినబడుతోంది. ఒక్కడంటే ఒక్కడు "హైలేసా" అనలేదు. నా నోట్లో ఆ మాట నాలిక మీద దాకా వచ్చింది. చిన్నప్పటి నుంచీ అదొక్కటే ఆలోచించకుండా నా నోట్లోంచి వచ్చే మాట. పళ్ళు బిగించి ఆపాను. తాడుని ఎవరికి తోచినట్టు వాళ్ళు లాగారు. వల ఒరిగిపోయింది. చేప పోయినా ఎవరూ తిట్టుకోలేదు. ఆయన మూడోసారి వెయ్యలేదు. తాడు మీద నుంచి చెయ్యి తీసి పంచెకి తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఎవరో కుర్రాడు ఈల ఊదడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ మా ఒడ్డున ఈలతోనే లాగుతారు.

నూకరత్నం గుమ్మంలోకి కూడా ఆయన వెళ్ళాడు. "అమ్మీ, నీకు మా వార్డులో ఒకటుంది" అని చెప్పడానికి. ఆవిడ తలుపు వేసేసింది. ఓడిపోయిన మనిషి మీద ఊరు చేసిన ఎగతాళిలో ఇది కూడా ఒకటనుకుంది. ఒడ్డున ఆవిడకి చేప అమ్మేవాళ్ళు లేకపోయారు. అలా ఆవిడ అనకాపల్లి చేరింది.

వెలి ఎప్పటికో సడలింది. పేరు మాత్రం ఉండిపోయింది: అబద్ధాల గుడ్డోడు. నేను ఆయన ఇంటి దారి తప్పించి నడిచేవాణ్ణి. ఆయన దూరం నుంచే నా అడుగులు గుర్తుపడతాడని భయం. ఏ రోజు నోరు విప్పుతాడో అని భయం. విప్పడని నెమ్మదిగా అర్థమయ్యాక ఇంకా భయం వేసింది.

అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. ఆ పొద్దున్న గోడ తడుముకుంటూ వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. తెల్ల చొక్కా, మెళ్ళో కార్డు.

"అల్లుడా, సొక్కా తొడుక్కో. పోదాం."

"ఇంకెవరూ దొరకలేదా మావా?"

"దొరుకుతారు. ఆడికీ కొత్తగా బయం పెట్టడమెందుకు? నీకెలాగా అలవాటయింది."

నవ్వుతూనే అన్నాడు. అందులో విషం ఉందేమోనని నేను చాలాకాలం వెతికాను. లేదు.

దారంతా ఆయన రెండు వేళ్ళు నా మోచేతి దగ్గర ఉన్నాయి. గదిలో ఆఫీసరు పేరు చదివాడు. "ఉన్నానండీ!" తోడు వచ్చిన వాడి కుడిచేతి వేలికి కూడా సిరా పెడతారు. నాకు పెట్టారు. మిషను దగ్గర ఆయన అన్నాడు:

"నా ఏలు అన్నిటికన్నా పైనున్న మీట మీద పెట్టి, నువ్వు వదిలెయ్యి."

పెట్టి, వదిలేసి, గోడ వైపు తిరిగాను. ఆయన వేలితో మీటలు తడుముతూ, పైనుంచి కిందికి గొణుగుతూ లెక్కపెట్టుకోవడం వినబడింది. మిషను గట్టిగా కూసింది.

"అరిసింది," అన్నాడు. పసిపిల్లాడిలా నవ్వాడు. "ఎవరికేసేనో సూసేవా?"

"లేదు మావా. గోడ చూస్తున్నాను."

"మంచిది. నీకు బయముండదు."

బయటికొచ్చాక నా రెండు చేతులూ తడిమాడు. "రెండు ఏల్లకీ ఉందేటి సిరా? ఎడందేమో నీది. కుడిది నాది. నాది జాగర్తగా సూసుకో."

అప్పుడు చెప్పాలనుకున్నాను. "మావా" అని ఆగాను. ఆయన కూడా ఆగాడు. నా వైపు చెవి పెట్టి, తాడు దగ్గర జవాబు కోసం ఆగినట్టే ఆగాడు. వెనక నుంచి పెద్దాయన మనుషులు బైకు మీద వచ్చి మా పక్కన వేగం తగ్గించారు. "నీళ్ళు తాగుతావా మావా?" అన్నాను.

"ఇంటికాడ తాగుతాను," అన్నాడు.

ఆ సిరా నా కుడి వేలి మీద గోరు పెరిగే దాకా ఉంది. పోయాక ఊళ్ళో ఉండలేకపోయాను. పడవలో నా వాటా అన్నయ్యకే వదిలేసి అనకాపల్లి వచ్చేశాను.

పెద్దకర్మ రోజున ఊరు వెళ్ళాను. వెళ్ళే ముందు మార్కెట్లో నూకరత్నం దగ్గర నిలబడి, "నువ్వు కూడా రా అక్కా" అన్నాను. "నానెందుకూ, నాకేటి సుట్టమా?" అంది. "వస్తే ఒక మాట చెప్తాను" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తట్ట పక్కదానికి అప్పజెప్పి బస్సెక్కింది. అనకాపల్లి దాటిన తర్వాత బస్సు ఆపించి దిగిపోదామనుకున్నాను. అచ్యుతాపురంలోనూ అనుకున్నాను.

ఒడ్డున టార్పాలిన్ కింద పెద్దలు కూర్చున్నారు. మళ్ళీ పంచాయతీ ఎన్నికలు వస్తాయంటున్నారు. మాటలు అప్పుడే దాని మీదకి మళ్ళాయి. ఈసారి ఎవరి పేరు, కర్పూరం ఎప్పుడు. ఎదురుగా అన్నయ్య పడవ ఉంది. దానికి కొత్తగా రంగు వేయించాడు.

పెద్దాయన ముసలివాడైపోయాడు. గొంతు మాత్రం అలాగే మెత్తగా ఉంది. "గుడ్డోడు మంచోడేరా," అన్నాడు. "ఒక్క మాటే తప్పేడు. దాన్ని కూడా ఈ రోజుతో వదిలేద్దారి."

అందరూ తలలూపారు. నేను లేచాను. నిలబడ్డాక గానీ నిలబడ్డానని తెలియలేదు. అన్నయ్య కింది నుంచి నా చొక్కా పట్టుకుని లాగాడు.

"మావ మాట తప్పలేదు," అన్నాను. "కత్తెర అనే అన్నాడు. నేను ఉంగరం మీద వేశాను. తర్వాత వరండాలో అబద్ధం చెప్పాను."

కెరటం వచ్చి వెనక్కి పోయింది. ఎవరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. అప్పుడు నేను తాడు పట్టుకున్నవాళ్ళలో ఉన్నాను. ఇప్పుడు కొసన ఉన్నాను.

"ఇప్పుడెందుకురా ఇయ్యన్నీ?" అన్నాడు పెద్దాయన, మెల్లగా. "మీ అన్నకి పడవుంది. ఆలోసించుకుని మాటాడు. గుడ్డోడు నీకేటి సెప్పేడు?"

అదే ప్రశ్న, అదే గొంతు. భయం పోలేదు. పోతుందేమోనని ఇన్నేళ్ళు ఎదురుచూడటమే నేను చేసిన పొరపాటు. మోచేతి దగ్గర చొక్కా ఇంకా అన్నయ్య చేతిలోనే ఉంది. ఆయన వేళ్ళు వదల్లేదు గానీ, లాగడం మానేశాయి.

టార్పాలిన్ అంచున, ఎండలోనే, నూకరత్నం నిలబడి ఉంది. పెద్దలకి వీపు పెట్టి ఆవిడ వైపు తిరిగాను.

"నీకు వేసిన ఓటు నేను దొంగిలించాను అక్కా. వేసినవాణ్ణి అబద్ధాలవాణ్ణి చేశాను. ఆయన్ని అడగాల్సిన క్షమాపణ ఆయన ఉండగా అడగలేకపోయాను, నిన్ను అడుగుతున్నాను. మా వార్డులో నీకొచ్చింది సున్నా కాదు. ఒకటి."